పిలక

మోకును ఇక్కడ హాబూల్ అంటరు.
పేరు వేరు, నడుముకు పుట్టే మంట ఒక్కటే.
ఈతవనంల పదకొండేండ్లు కల్లు గీసిన కాళ్లు
ఖర్జూరం మట్టల మొదళ్లను
మెట్లనే అనుకున్నయి.
మొదటిరోజు నేను సగం చెట్టు ఎక్కంగనే
కింద నిలబడ్డ జహ్రాన్ ముసలాయన
ఏమనలేదు. దిగినంక కహ్వా పోసిండు.

నిజ్వా దాటినంక కొండ మొదట్ల ఈ తోట.
గోడ మట్టిది, నా భుజమంత ఎత్తు.
కొండ కడుపుల నుంచి కాలువ వస్తది, ఫలజ్ అంటరు.
నీళ్లకు వంతులు. మసీదు ముంగట పాతిన గుంజ నీడ
ఏ రాయి మీద పడితే
ఆ ఇంటికి మడవ తిప్పాలె.
పొద్దుగూకితే చుక్కలను బట్టి.
ఆ లెక్క చూసేటాయనను ఆరిఫ్ అంటరు.
మా దిక్కు నీరటి అనేటోళ్లు.
మా నీరటి సాయన్న పోయినంక
ఆ మాట ఎవరి నోటా వినలేదు.
ఇక్కడ విన్న, ఇంకో భాషల.

మాఘంల పెండ్లిళ్లు చేస్త.
మగచెట్టు పూరెమ్మను తలకిందులు చేసి
ఆడగెల నడుమ దోపి
ఆకు పీలికతో కట్టాలె. ఒక్కొక్క చెట్టూ ఎక్కాలె.
గాలికి వదిలేస్తే అన్నీ తాలుకాయలే.
గింజ పెడితే ఏం మొలుస్తదో దేవునికెరుక,
పిలక తీసి నాటితేనే అదే చెట్టు.
జహ్రాన్ ఒకసారి మొద్దు మీద చెయ్యేసి అన్నడు:
"మా తాత తాత ఎక్కింది దీన్నే.
ఒళ్లు మార్చుకుంట
నా దాక నడిచొచ్చింది."

పోయినేడు సర్కారు జీపు దిగింది.
తోటను కాపాడుతరట.
రాళ్ల బాట, రాత్రికి దీపాలు, టికెట్ల గది,
చెట్టుకో రేకుబిళ్ల, బిళ్లకో నంబరు.
బుసైనా అని ఒక పిల్ల, పలక మీద వేలితో రాసుకుంట తిరిగింది.
మేకులు కొట్టకండ్రి, తీగతో కట్టండ్రి అన్న.
ఆ మాట విన్నది.

రెండువందల ఏడు దగ్గర ఆగింది.
జాతి పేరు గడి ఖాళీ.
జహ్రాన్ అప్పటికి మట్టిల కలిసి నాలుగు నెలలు.
మస్కట్ నుంచొచ్చిన కొడుకు తల గోక్కున్నడు,
మేనత్తకు ఫోన్ చేసిండు,
ఆమెకూ యాదికి లేదు.
నేను చెట్టు మీద ఉన్న, ఎండుమట్టలు కోసుకుంట.
"బింత్ గైమా," అన్న పైనుంచే.
మబ్బు బిడ్డ.
అందరూ తల ఎత్తి చూసిండ్రు.

అన్నిటికంటె ఆఖర్న పండుతది,
పండు మీద బూడిద లెక్క పొర,
పొద్దుకు గుప్పెడే మాగుతది.
అంగట్ల ఎవ్వడూ అడగడు. అందుకే ఒక్కటే మిగిలింది.
పేరు రాసియ్యమన్నది ఆ పిల్ల.
నాకు వచ్చిన అక్షరాలు తెలుగే.
సిమెంటు సంచి కాగితం మీద రాసిచ్చిన.
చాలసేపు చూసింది,
బొమ్మ చూసినట్టు.
కింద తన లిపిల రాసుకొని
కాగితం మడిచి ఫోను వెనక పెట్టుకున్నది.

వచ్చే నెల ఇరవైమూడుకు నా వీసా అయిపోతది.
రెండువందల ఏడు తూర్పుకు ఒరిగింది,
ఎన్ని వానలు ఓర్చుకుంటదో చెప్పలేం.
దాని మొదట్ల ఒక్క పిలక, మూడేండ్లది.
సిల్హెట్ పిలగాడు తుహిన్‌కు నేర్పుతున్న:
మట్టి తియ్యి, వేరు కనవడాలె,
తల్లికీ పిలకకూ నడుమ ఉలి పెట్టు,
ఒక్క దెబ్బకే విడివడాలె,
రెండో దెబ్బ కొడితే ఇద్దరికీ గాయమే.
నలభై రోజులు గుంత ఆరొద్దు.

రోజూ అడుగుత, దీని పేరేంది?
"బింతో గోయ్‌మా," అంటడు.
వాని నోట్ల పేరు గుండ్రంగ అయింది.
రెండుసార్లు దిద్దిన. మూడోసారి దిద్దలేదు.
నేను పలికింది విని
జహ్రానూ మీసంల నవ్వేటోడు గద.

గుంజ నీడ ఐదో రాయి మీదికొచ్చింది.
జహ్రాన్ ఇంటి వంతు.
పార ఇయ్యి తుహిన్,
కాదు, నువ్వే పో. మడవ తిప్పు.